ఖాళీ జాగాలో ముప్పై ఒక్క కుటుంబాలు

గోదావరి కట్ట కింద ముప్పై ఒక్క కుటుంబాలు నిలబడి చూస్తుండగా, సర్వే అధికారి సారంగపాణి జీపు దిగకుండానే కాగితం మీద 'ఖాళీ జాగా' అని రాశాడు. నేను దాన్ని చదవగలిగాను. ఆ పూట నా చదువు అంతవరకే పనికొచ్చింది.

నిజానికి ఆ మాట ఆయన చేతికి అందించింది నేనే. సారపాకలో ఒక సంస్థ నడిపే నిరాశ్రయ కుటుంబాల కేంద్రానికి నేను ఇన్‌చార్జిని. మా తండాలో డిగ్రీ దాటిన మొదటిదాన్ని కాబట్టి కాగితమంటే మహా భక్తి. 2006 వరదలో ఇండ్లు కొట్టుకుపోయిన ఈ జనం కట్ట కింద టార్పాలిన్ గుడిసెలు వేసుకొని, లారీలకు జామాయిల్ కర్ర ఎత్తి బతుకుతున్నారు. అక్కడ ఏటి అవతలి గుడికొచ్చే యాత్రికుల కోసం లాడ్జీ కట్టాలని ఒక కాంట్రాక్టరు కన్నేశాడు. ఆ జాగా వీళ్ల పేరనే రాయండని అర్జీ పెడితే, జాగా నిరాశ్రయులకే ఇస్తారని, గుడిసె ఉన్నవాళ్లు ఆ కిందికి రారని సారంగపాణి సెలవిచ్చాడు. అట్లయితే ఆయనొచ్చే రోజు గుడిసెలు విప్పేయండని నేను చెప్పాను. కర్ర ఎత్తే మంగీలాల్ వద్దన్నాడు. వాళ్లలో పెద్దదైన ఉప్పలమ్మ మాత్రం, చదువుకున్న పిల్ల చెప్తున్నది గదా అని అందరికంటే ముందు తన కప్పు విప్పింది.

"ఇండ్లే లేనికాడ కుటుంబాలెట్లుంటయమ్మా?" అన్నాడు సారంగపాణి ఆ రోజు జీపులోంచే నాతో, చల్లగా నవ్వి. ఇంత తెలివిని ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు. నేను చదివిన బళ్లో అయితే నేర్పలేదు.

మర్నాడే కాంట్రాక్టరు చుట్టూ ముళ్లకంచె వేయించాడు. కేంద్రంలో మీటింగు పెట్టి, కలెక్టరుకు ఇంకో అర్జీ రాద్దామన్నాను.

"ఈసారి ఏం విప్పమంటవ్ మేడం? ఒంటి మీద బట్టలున్నయ్ ఇంక" అన్నాడు మంగీలాల్.

అందరూ నవ్వారు. నేను చేసిన పనికి ఆ నవ్వు పడాల్సిందే. ఆడవాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. కేసులు పెడతారని కొందరు, పెడితే పెట్టనీ అని కొందరు. చివరికి ఉప్పలమ్మ లేచింది.

"అడుగుడు అయిపోయింది బిడ్డా. కంచె పీకి గుడిసెలు ఏస్తం. నువ్వొస్తె రా, లేకుంటె ఈడనే కూసోని రాసుకో."

ఆ రాత్రే వాళ్లతో వెళ్లాను. తెల్లారేసరికి ముప్పై ఒక్క గుడిసెలు లేచాయి. పది గంటలకు పోలీసులు ఉప్పలమ్మనూ మంగీలాల్‌నూ జీపెక్కించారు. వెనకే అందరం నడిచి స్టేషనుకు పోయాం.

కానిస్టేబుల్ పుస్తకం తెరిచి పేరడిగాడు. ఉప్పలమ్మ చెప్పింది. నివాసమెక్కడని అడిగాడు. గోదావరి కట్ట కింద, సారపాక అని చెప్పింది. ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు.

"ఏం రాసిండు బిడ్డా?"

'నివాసం: గోదావరి కట్ట కింద, సారపాక' అని చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. తర్వాత కిటికీ దగ్గరికి పోయి బయటి జనానికి వినబడేట్టు చెప్పింది, "మనం యాడుంటమో రాస్తున్నరు. లోపలికి రాండ్రి."

వచ్చారు. మగవాళ్లు, చంకల్లో పిల్లలతో తల్లులు. కంచె మేమూ పీకినం, మమ్మల్ని గూడ రాయమని వరుసలో నిలబడ్డారు. ఎస్సై బయటికొచ్చి, అందరూ ఇండ్లకు పొండ్రన్నాడు.

"మాకు ఇండ్లున్నయని నువ్వన్నా ఒప్పుకున్నవ్ సారూ" అన్నాడు మంగీలాల్. "అది గూడ రాయించు."

అప్పుడే మా సంస్థ సెక్రటరీ ఫోన్ చేశాడు. కేసులో నా పేరుంటే ఉద్యోగం ఉండదని, వెంటనే వచ్చేయమని చెప్పాడు. సరే సార్ అన్నాను. అది తొమ్మిదేళ్ల అలవాటు. ఫోన్ పెట్టేసి వరుస చివర నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది.

"మేడం, మీరెందుకు?" అన్నాడు కానిస్టేబుల్ నీరసంగా.

"గుడిసెల గుంజలు నేను గూడ పాతిన" అన్నాను. "నా పేరు పుష్ప, రాయి."