పళ్ల మధ్య మూత

మా ఆయన మూడు రోజులుగా జ్వరంతో కాలిపోతున్నాడు. అయినా సరే, ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగితే డ్రైవరునని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సైకిలు కూడా సరిగ్గా తొక్కడం రాని మనిషి!

మేమిద్దరం చేసేది కోళ్ల ఫారంలో. కోడిని ఒక చేత్తో ఒడిసి పట్టుకుని, ఇంకో చేత్తో రోగాలు రాకుండా దాని కంట్లో మందు చుక్క వేయాలి. రోజుకు వెయ్యికి పైనే. పోయిన వారం మూడో షెడ్డులో కోళ్లు తలలు వాచి, తురాయిలు నీలంగా మారి, తెల్లారేసరికి కుప్పలుగా పడి ఉన్నాయి. ఎండదెబ్బ అన్నాడు ఓనరు. బయట ఎవరైనా నోరు జారితే ఫారం మూసేస్తారని, అందరి నోట్లో మట్టి పడుతుందని కూడా అన్నాడు. మా మహానుభావుడు ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఊపిరందక ఎగపోస్తూ కూడా డ్రైవరేనట.

డాక్టరమ్మ ఏవో మాత్రలు రాసేసి పక్క మంచం వైపు కదిలింది. ఇక ఊరుకుంటే మనిషి దక్కడనిపించింది. లేచి అడ్డంగా నిలబడ్డాను.

"ఆయన డ్రైవరు కాదమ్మా. మేం కోళ్ల దగ్గర చేస్తాం. అక్కడ కోళ్లు చచ్చిపోతున్నాయి."

ఆమె పెన్ను ఆగిపోయింది. మాస్కు ముక్కు మీదికి లాక్కుని, ఆయన్ని వేరే గదిలోకి మార్పించింది. చేతికి తొడుగులు ఇచ్చారా అని అడిగింది. ఇచ్చారని, ఎప్పుడూ తీయలేదని మా ఆయన మంచం మీంచే గొప్పగా చెప్పాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తొడుగులుంటే సరిపోయిందా? మాస్కు గడ్డం కిందికి లాగి, మందు సీసా మూత రోజంతా పళ్ల మధ్య పెట్టుకుంటాడు. కోళ్లను పట్టిన ఆ చేత్తోనే తీస్తాడు, మళ్లీ అక్కడే పెడతాడు. అదంతా డాక్టరమ్మకు చెప్పేశాను.

ఇదెవరు నేర్పారయ్యా అని డాక్టరమ్మ అడిగింది. ఆయన నా వైపు ఒక్కసారి చూసి కళ్లు దించేసుకున్నాడు.

పన్నెండేళ్ల కిందట, చేరిన కొత్తలో, మూత ఎక్కడో పెట్టి వెతుక్కుంటూ మేస్త్రీ చేత చీవాట్లు తినేవాడు. ఆయన అవస్థ చూడలేక నోట్లో పెట్టుకోమన్నాను, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని. ఆ తర్వాత షెడ్డులో చేరిన ప్రతి మనిషికీ అదే చెప్పాను. పెద్ద పనిమంతురాలినని మురిసిపోయాను కూడా. ఈ నెల నన్ను గుడ్లు ఏరడానికి మార్చారు కాబట్టి నేను ఇలా నిలబడి ఉన్నాను, అంతే.

"నేనే నేర్పానమ్మా," అన్నాను.

మిగతావాళ్లు ఇప్పుడెక్కడున్నారని అడిగిందామె. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. ఈ రోజు ఐదో షెడ్డులో మందు వేస్తున్నారు. మా తోడికోడలు అక్కడే ఉంది. పోయిన నెలే చేరింది, దగ్గరుండి నేర్పించాను.

వెంటనే తనకు ఫోను కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల కోళ్ల గోల.

"అక్కా, బావగారికి ఎలా ఉంది?"

మాట ముద్దముద్దగా వచ్చింది, పళ్లు బిగబట్టి మాట్లాడినట్టు. ఆ మాట తీరు నాకు తెలుసు. పన్నెండేళ్లు నేనూ అలాగే మాట్లాడాను.

"ఉమ్మెయ్యవే," అన్నాను. "ముందు నోట్లోది ఉమ్మెయ్యి."