హెడ్మాస్టరు చదవలేని రిపోర్టు

రాఘవేందర్ సారు ప్రభుత్వ సొమ్మును కంటికి రెప్పలా కాపాడే మనిషి. తూంకుంట దాటాక కరీంనగర్ రోడ్డు వారగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలకు ఆయన హెడ్మాస్టరుగా వచ్చిన నాలుగేళ్లలో ఒక్క గ్లోబు పగల్లేదు, ఒక్క క్యారమ్ బోర్డు గీరుకుపోలేదు. పిల్లల చేతికి ఇస్తే కదా!

2007 జూలైలో ఆయన బీరువాలోకి ఓ కొత్త వస్తువు చేరింది. చూపులేని పిల్లలు రాసుకునే బ్రెయిలీ మిషన్. ఏడో తరగతి ఏంజెల్ కోసం జిల్లా ఆఫీసు పంపింది. మీటలు నొక్కితే మందపాటి కాగితం మీద చుక్కలు ఉబ్బుతాయి, వేళ్లతో తడిమి చదువుకోవాలి. ఏంజెల్ అయిదో తరగతి దాకా పట్నంలో అంధుల హాస్టల్లో ఉండి ఆ లిపి నేర్చుకుంది. ఇంటి మీద బెంగతో సొంతూరు లాల్‌గడి మలక్‌పేట్ వచ్చేశాక క్లాసులో విన్నది బుర్రలో పెట్టుకోవడమే తప్ప రాసుకునే దారి లేదు.

మిషన్‌తో రెండు ఉత్తర్వులు వచ్చాయి. పోయినా పాడైనా హెడ్మాస్టరుదే బాధ్యత అని ఒకటి, ప్రతిరోజూ విధిగా వినియోగించాలని ఇంకొకటి. సారు రెండింటికీ కలిపి ఉపాయం కనిపెట్టారు. రోజూ పదకొండింటికి అటెండరు లింగస్వామి మిషన్‌ను బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ కవరు తీయకుండానే తుడుస్తాడు. ఏంజెల్ వచ్చి కవరు మీదనుంచే మీటలన్నీ ముట్టుకుని వెళ్తుంది. "యంత్రము వినియోగించబడినది" అని రిజిస్టరులో రాసి సారు సంతకం పెడతారు.

ఏంజెల్ తల్లి సారమ్మ శామీర్‌పేటలో కోళ్ల ఫారంలో పనిచేస్తుంది. ఒకరోజు పూటపని మానుకుని బడికి వచ్చింది.

"సారూ, గా మిషన్ మా బిడ్డకే గదా వచ్చింది. ఇంటికిస్తే పాఠాలు రాసుకుంటది."

"బిడ్డ పేరు మీదనే వచ్చింది సారమ్మా. బాధ్యత మాత్రం నా పేరు మీద ఉన్నది. బస్సుల పోంగ చెయ్యి జారి పడితే ఎవరు జవాబు చెప్తరు?"

"పోనీ, బడిలనన్న రాయనియ్యున్రి."

"రాస్తే అరిగిపోదా?"

సారమ్మ గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కోడిని తెచ్చి, గుడ్డు పెట్టొద్దన్నట్టున్నది సారూ" అని వెళ్లిపోయింది.

నవంబరులో తనిఖీకి జిల్లా ఆఫీసు నుంచి సుచిత్ర మేడం వచ్చింది. ఇలాంటి పిల్లల చదువులు చూసే అధికారి. ఆమె తెల్ల కర్రతో జీపు దిగుతుంటే సారు ప్రాణం కుదుటపడింది. ఆమెకూ చూపు లేదు. నోటిమాట చాలనుకున్నారు.

"తొంబై రెండు రోజులు ఒక్క పూట తప్పకుండ వినియోగించినం మేడం!"

ఆమె మిషన్ మీద చెయ్యి వేసింది. ప్లాస్టిక్ కరకరలాడింది.

"తొంబై రెండు రోజులు గీ కవరు మీదనే రాసిందా సార్?"

సారు నోరు తెరిచేలోగా కవరు చర్రున చినిగింది. మేడం తన సంచిలోంచి కాగితం తీసి మిషన్‌కు ఎక్కించి, ఇరవై నిమిషాలు టకటకా కొట్టి, ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నా రిపోర్టు. మామూలు టైపు కాపీ ఆఫీసు నుంచి తర్వాత వస్తది. మీ జవాబు మాత్రం వారంలోపల పంపాలె."

"నాకు గీ లిపి రాదు మేడం!"

"బ్రెయిలీ మిషన్ ఉన్న బడిల చదివేటోళ్లు లేకుంటరా?"

సారు రెండు రోజులు ఆ కాగితాన్ని ఎండలో పెట్టి చూశారు, తిరగేసి చూశారు. మూడో రోజు ఏంజెల్‌ను పిలిపించారు. ఆమె వేళ్లు చుక్కల మీద నడిచాయి.

"యంత్రం వాడకంలో లేదు. విద్యార్థిని దాన్ని ఇంటికి తీసుకెళ్లి రాసుకోవాలి. కాగితం పాఠశాలే ఇవ్వాలి. పరీక్షలూ దాని మీదే రాయించాలి." ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. "అంతే సార్."

అన్నీ పిల్లకు కలిసొచ్చే మాటలే! సారుకు అనుమానం పట్టుకుంది. మళ్లీ చదివించారు. పొల్లు పోలేదు. అయినా నమ్మకం కుదరక సారమ్మకు కబురుపెట్టారు.

"నీ బిడ్డ అబద్ధమాడతదా?"

"ఆదివారం చర్చిల నలుగురి ముంగట చుక్కల బైబిల్ల వాక్యం చదివే పిల్ల సారూ. మీ కాయితం కాడ అబద్ధమాడతదా?"

చేసేదిలేక మిషన్ అప్పగించి, "ఆదేశములన్నియు అమలుపరచితిమి" అని ఆఫీసుకు రాశారు.

మూడు వారాలకు టైపు కాపీ వచ్చింది. సారు తలుపు దగ్గరికి వేసుకుని చదివారు. ప్రతి మాటా ఏంజెల్ చదివినట్టే ఉంది. చివరన మాత్రం రెండు వాక్యాలు ఎక్కువున్నాయి: "ఈ హెడ్మాస్టరు వస్తువును కాపాడి పిల్లను గాలికొదిలేశారు. సంజాయిషీ కోరవలెను."

ఏంజెల్‌ను మళ్లీ పిలిచారు.

"గీ మాట ఉన్నది గదా, ఎందుకు చదవలే?"

ఆమె తల వంచుకుంది. "మీరు వినుకుంట వినుకుంట రెండుసార్లు నీళ్లు తాగిన్రు సార్. గ్లాసు బల్లకు తాకి గడగడమన్నది. భయపడుతున్నరని ఆడికి ఆపిన."

సారు చుక్కల కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"మళ్ల చదువాల్నా సార్?"

"వద్దు బిడ్డా. నేనే చదివిన."

ఆ సాయంత్రం సంజాయిషీ రాయడానికి కూర్చున్నారు. "యంత్ర భద్రత దృష్ట్యా" అని మొదలుపెట్టి కొట్టేశారు. "ఉత్తర్వులలోని అస్పష్టత వలన" అన్నదీ కొట్టేశారు. చివరకు "తప్పు నాది. అమ్మాయి ఇప్పుడు రాస్తోంది" అని రెండే ముక్కలు రాసి పంపారు.

పది రోజులకు ఆఫీసు దాన్ని తిప్పి పంపింది. సంజాయిషీ నిర్ణీత నమూనాలో లేదట. సారు ఆ కవరును సొరుగులోకి తోసి, స్కూటరు తీశారు. ఉన్న కాగితమంతా ఏంజెల్ చుక్కలతో నింపేసింది. రేపటి సాంఘికశాస్త్రం పరీక్షకు మందపాటి కాగితం ఎక్కడ దొరుకుతుందో, అల్వాల్ దుకాణాలన్నీ తిరిగి చూడాలి.