కాజాల పిల్ల

నాలుగో కాజా సగంలో ఉండగా సూది వేలిలో దిగింది. ఆమె "అబ్బా" అని కూడా అనలేదు. వేలు నోట్లో పెట్టుకుని, కోటు మీద నెత్తురు పడలేదు కదా అని మాత్రం చూసుకుంది. పడలేదు. మిగతా సగం పూర్తి చేసి, పళ్లతో దారం తెంపి, ఐదోది మొదలుపెట్టింది.

ఆమెకు యాభై రెండేళ్లు. ఆ బజారులో టైలర్లందరికీ ఇప్పటికీ "కాజాల పిల్లే". గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో గట్టు కట్టడం ఆమె పని. పద్నాలుగో ఏట మొదలుపెట్టింది. మిషన్లు వచ్చాక చేతి కాజాల కోసం ఎదురుచూసేవాళ్లు తగ్గారు గానీ, మంచి కోట్ల మూటలు ఇంకా ఆమె గుమ్మానికే వస్తాయి. మధ్యవేలు పక్కకు వంగిపోయింది. కుడి భుజం కాస్త కిందికి దిగింది. ఎదుటి మనిషితో మాట్లాడుతున్నా ఆమె చూపు వాళ్ల గుండీల మీదే ఉంటుంది.

కిటికీ పక్క కుర్చీలో తండ్రి ఉన్నాడు. ఒకప్పుడు కటింగ్ మాస్టారంటే ఆయనే. అబ్బో, ఏం మనిషని! కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. అన్నంలో వంక, వానలో వంక, చచ్చిపోయిన పెళ్లాంలోనూ వంకే. కూతురు కుట్టిన కాజాను వెలుతురుకెత్తి చూసేవాడు. ఒక్క పోగు పక్కకు జరిగినా చాలు, బ్లేడుతో బరబరా కోసి, దారం ముక్కలు ఆమె ఒళ్లో దులిపేవాడు. "చేతుల్తో కుట్టావా, కాళ్లతో కుట్టావా?" అనేవాడు. కోయకుండా వదిలేశాడంటే బాగున్నట్టు. అదైనా ఆమె చెప్పుకున్న అర్థమే, ఆయన ఎన్నడూ అనలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది పుడకల దాకా ఆగలేదు. రెండేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు వారాల పేర్లు మరిచాడు, తర్వాత వీధులు, ఆ తర్వాత కూతుర్ని. ఇలాంటివాళ్లకు కోపం పెరుగుతుందని డాక్టరు ముందే భయపెట్టాడు. పెరగలేదు సరికదా, ఉన్నదీ పోయింది. ఇప్పుడాయనకు అన్నీ బాగుంటాయి. మాడిన రొట్టె బాగుంటుంది, చిరుగుల తువ్వాలు బాగుంటుంది, గోడ మీది బల్లి మరీ బాగుంటుంది.

"మాస్టారు పసిపిల్లాడైపోయారు. ఎంత చక్కగా మాట్లాడుతున్నారో! నువ్వు అదృష్టవంతురాలివే అమ్మాయ్," అంటుంది పక్కింటావిడ.

"అవునండీ, ఇన్నాళ్లూ దాచిపెట్టినదంతా ఊరికి పంచుతున్నాడు," అంటుంది ఈమె. ఆవిడ నవ్వుతుంది. ఈమె నవ్వదు.

ఈమెకు కావలసింది ఒక్క మాట. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే. ఆయన నోటితో రావాలి, తెలిసి రావాలి. పొద్దున ఉండబట్టలేక ఒక పాత గుడ్డ మీద కావాలని అష్టవంకర్లుగా కాజా కుట్టి ఆయన చేతికిచ్చింది. "ఎంత బాగుందమ్మా!" అన్నాడు. కోటు మీద, ప్రాణం పెట్టి కుట్టింది చూపించింది. "ఇదీ బాగుంది," అన్నాడు. అదే గొంతు, అదే నవ్వు. ఆమె కోటు లాక్కుంది. ఇంతోటి దానికా తను కాచుక్కూచుంది!

ఆమె ఇరవై నాలుగో ఏట, ఎదురుగా ఉన్న కోట్ల షాపు యజమాని వచ్చి అడిగాడు, మీ అమ్మాయికి కటింగ్ నేర్పిస్తాను, మా దగ్గరికి పంపండి అని. తండ్రి తల ఎత్తకుండానే, "దానిదేం చెయ్యండీ, మొద్దు చెయ్యి. మీ షాపు పరువు తీస్తుంది," అన్నాడు. కొట్టుకూ ఇంటికీ మధ్య తెర వెనకాల నిలబడి ఆమె విన్నది. విని, నమ్మింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా, నాకంత పనితనం లేదండీ అని తనే వద్దంది.

మధ్యాహ్నం అన్నం కంచం తీయడానికి ఆమె కుర్చీ ముందు నిలబడగానే ఆయన దిగ్గున లేచాడు.

"రండమ్మా, రండి. చాలాసేపు నిలబెట్టేశానా? కోటుకే కదూ?"

"నాన్నా, కూచో."

ఆయన వినిపించుకోలేదు. కుట్టుమిషను మీది టేపు అందుకుని మెడలో వేసుకున్నాడు. "చెయ్యి చాపండి." నీళ్ల గ్లాసు పట్టుకుంటే ఒలకబోసే ఆ చేతులు ఇప్పుడు వణకలేదు. భుజం, చేతి పొడవు, నడుము. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఎవరూ కొలతలు తీయలేదు. మిగిలిన ముక్కలతో అందాజాగా కుట్టుకుని వేసుకోవడమే. ఆయన ఒక్కో అంకె పైకి చదువుతూ చీటీ మీద రాశాడు.

"కుడి భుజం కాస్త దిగింది. ఫర్వాలేదమ్మా, ట్రయల్‌కి వేసుకున్నప్పుడు చూసి లోపల సర్దుతాను, ఎవరికీ తెలీదు. మీ పేరు?"

ఆమె చెప్పింది. పెన్సిలు ఆగింది.

"మా పిల్లదీ అదే పేరు," అన్నాడు.

"ఏం చేస్తుందండీ మీ అమ్మాయి?" ఆ గొంతు ఆమెకే పరాయిదిలా వినపడింది.

ఆయన తెర వైపు ఓసారి చూసి, మాట తగ్గించాడు. "కాజాలు కుడుతుంది. మీ కోటుకీ అదే కుడుతుంది, చూడండి. అలాంటి చెయ్యి నేనెక్కడా చూళ్లేదు. నాకే రాదు అంత పని."

"ఆ మాట ఆ అమ్మాయికి చెప్పారా?"

"అమ్మో!" అని నవ్వాడు. ఈ రెండేళ్ల నవ్వు కాదది, పాతది. "చెప్తే ఉంటుందా? ఎదురు షాపువాడు అప్పుడే వచ్చి అడిగిపోయాడు. రెక్కలొస్తే ఎగిరిపోదూ? నా కొట్టు గతేంటి? అందుకే బాగున్నవి కూడా అప్పుడప్పుడూ కోసిపారేస్తుంటాను. మీరు మాత్రం అనకండి."

"అననండీ," అంది.

పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో "నీ నోరు పడిపోను!" అంది. జన్మలో మొదటిసారి అంది. పోయి నిలదీద్దామా అంటే, చేసినవాడు ఆ కుర్చీలో లేడు. అందులో ఉన్నది ఎవరో మంచి ముసలాయన. కంచం కడిగి, వచ్చి, ఐదో కాజా దగ్గర కూర్చుంది. ఆయన చీటీ ముందేసుకుని ఇంకా ఏదో రాసుకుంటున్నాడు. ఆమె అటు చూడలేదు.

కిటికీలో ఎండ పోయాక టీ పట్టుకెళ్లింది. "నాన్నా," అంది. తల పక్కకు వాలి ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గ్లాసు కింద పెట్టి, ఆయన మెడలోంచి టేపు తీసి చుట్టింది.

పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి ఏడ్చింది. "ఎంత మంచి మనిషి! పోయేముందు నీతో ఏమైనా అన్నారా తల్లీ?"

"అన్నాడు."

"ఏమని?"

"నా పని బాగుందని."

"చూశావా! కన్నప్రేమ ఎక్కడికి పోతుంది!" అంటూ ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఈమెకు మాత్రం ఒక్క చుక్క రాలేదు.

ఆయన్ను తీసుకెళ్లిపోయాక ఆమె కుర్చీ పక్కకు జరిపింది. దాని కింద చీటీ పడి ఉంది. పైన ఆమె పేరు, దాని కింద ఆమె కొలతలు, అన్నిటికీ అడుగున రెండుసార్లు గీత గీసి, "ట్రయల్ గురువారం".