చక్రాలు మార్చే స్టేషన్

"మనం మొత్తం అయిదుగురం. రైళ్ళు నువ్వు చూడు," అన్నాడు మా ఆయన, తాగేసిన టీ కప్పు నా చేతికిస్తూ.

నేను హాలంతా ఓసారి చూశాను. సోఫాలో మామగారు, అత్తయ్య. కింద చాప మీద సెలవులకు వచ్చిన వదిన, అంటే మా ఆయన అక్క. ఆవిడ పక్కన ఆవిడ భర్త, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి. కుర్చీలో మా ఆయన. కప్పు పట్టుకుని నేను. ఎటునుంచి లెక్కపెట్టినా ఆరుగురం వస్తున్నాం. గుమ్మం వైపు నుంచి కూడా పెట్టి చూశాను. పగలంతా టైల్స్ షోరూంలో లెక్కలు రాసేదాన్ని, కూడికలో నేను తప్పుపోయే అవకాశం తక్కువ. అయినా రాత్రికల్లా ఆయనకే గుర్తొస్తుందిలే అనుకుని కప్పు కడిగేశాను.

మా ఇంట్లో ఏ పనికైనా రెండు భాగాలుంటాయి. మొదటిది, చేద్దాం అనుకోవడం. దానికి అందరూ కావాలి, టీ కావాలి, నవ్వులు కావాలి. రెండోది, చేయడం. దానికి నేనొక్కదాన్ని చాలు. అలా పక్క దేశంలో నాలుగు ఊళ్ళు రైల్లో తిరిగి రావాలనే మొదటి భాగం ఆ సాయంత్రమే విజయవంతంగా పూర్తయింది. అందరూ అలసిపోయారు కూడా.

షరతులు మర్నాటి నుంచి రావడం మొదలుపెట్టాయి. మామగారి బాత్రూం పని పూర్తి కాకుండా పొద్దున ఏ రైలూ బయల్దేరకూడదు. ఆ పని ఎప్పుడు పూర్తవుతుందో ఆయనకే తెలియదు. రెండు దేశాల రైల్వే మంత్రులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం అది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కించే స్టేషన్లన్నీ రద్దు. వదినకు బట్టల షాపులున్న ఊళ్ళో రెండు రోజులు, మ్యూజియం ఉన్న ఊళ్ళో అరపూట. ఇక అన్నయ్యగారు ఒకప్పుడు విమానం మారడానికి ఏదో దేశపు ఎయిర్‌పోర్టులో కొన్ని గంటలు కూర్చున్నారు. ఆనాటి నుంచీ ఆ దేశం బాగోగుల గురించి దాని అధ్యక్షుడికంటే ఎక్కువ బాధపడుతున్నారు. ఆయన షరతు ఒక్కటే, ఏ నిర్ణయమైనా తనని అడగాలి. మా ఆయనకు మాత్రం ఏ షరతూ లేదు. "నువ్వు చూసుకో" అంటాడు. ప్రపంచంలో ఇంత తేలికైన మనిషిని నేను చూడలేదు. ఆ బరువంతా ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

కుక్కర్ విజిల్ కీ విజిల్ కీ మధ్య ఒక ఊరు, ఆఫీసులో డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేలోగా ఇంకో ఊరు చొప్పున రైళ్ళు కలుపుకుంటూ పోయాను. అలా వెతుకుతుంటే ఒక వింత దొరికింది. సరిహద్దుకి రెండు దారులున్నాయి. ఒకటి ఫాస్ట్ రైలు వెళ్ళే కొత్త లైను. ఇంకోటి నిదానంగా చిన్న చిన్న ఊళ్ళ మీదుగా వెళ్ళే పాత లైను. ఆ పాత లైనులో మన పట్టాల వెడల్పు వేరు, వాళ్ళ పట్టాల వెడల్పు వేరు. అందుకని సరిహద్దు స్టేషన్లో రైలు పెట్టెల్ని ఒక్కొక్కటిగా షెడ్డులోకి తోసి, జాకీల మీద గాల్లోకి లేపి, కింద చక్రాల సెట్లు లాగేసి వేరేవి తోస్తారు. ఆ పని జరుగుతున్నంతసేపూ మనుషులు లోపలే కూర్చుంటారు. దుప్పట్లు కప్పుకుని, పల్లీలు తింటూ, గాల్లో!

నాకు అది చూసి తీరాలనిపించింది. పెళ్ళయ్యాక నాకు ఒక వస్తువు కాకుండా ఒక అనుభవం కావాలనిపించడం అదే మొదటిసారి అనుకుంటా. ఆ పూట అందరూ భోంచేస్తుంటే, వడ్డిస్తూ చెప్పాను.

"చక్రాలు మార్చడం చూడ్డానికి ఇంకో దేశం దాకా దేనికమ్మా?" అన్నారు అన్నయ్యగారు. "నా కారు పంక్చరైనప్పుడు కబురు చేస్తా, వద్దువుగాని. టికెట్ కూడా అక్కర్లేదు."

వదినకు పొలమారేంత నవ్వొచ్చింది. నీళ్ళు నేనే ఇచ్చాను.

"గాల్లో ఉన్నంతసేపూ బాత్రూములు?" అడిగారు మామగారు.

"తాళం వేస్తారట మామయ్యా."

ఆయన పెట్టబోయిన ముద్ద కంచంలోనే పెట్టేశారు. ఆ పాత లైనుతో అక్కడికి మా కుటుంబ సంబంధాలు తెగిపోయాయి.

"అబ్బ, నీ పిచ్చి ఐడియాలూ నువ్వూ," అన్నాడు మా ఆయన. "ఫాస్ట్ రైలు బుక్ చెయ్యి. అయిదుగురికీ ఒకేచోట వచ్చేలా చూడు."

"అయిదుగురికేనా?" అన్నాను, గరిట గాల్లోనే ఆపి.

"ఎన్నిసార్లు చెప్పాలి? లెక్కలు రాసే ఉద్యోగం నీకు ఎవరిచ్చారో!"

అత్తయ్య సాయానికి వచ్చారు. "నేను, మీ మామగారు, అబ్బాయి, అమ్మాయి, అల్లుడు," అంటూ వేళ్ళు ముడిచారు. అయిదు వేళ్ళూ అయిపోయాయి, పిడికిలి అయింది. ఆవిడ తప్పేం లేదు, చెయ్యి అంతవరకే ఇచ్చాడు దేవుడు. రెండో చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది.

వాళ్ళు నన్ను వదిలేసి వెళ్దామనుకుంటున్నారని మీకు అనిపిస్తే పొరపాటు. నేను వస్తున్నాననే అందరి నమ్మకం. "ఫ్లాస్కు నీ దగ్గర పెట్టుకో, నాన్నకి బండిలో టీ పడదు." "పై బెర్తు నువ్వెక్కు, నీకైతే మోకాళ్ళ నొప్పి లేదు." "నా హ్యాండ్‌బ్యాగ్ నీ సూట్‌కేసులో పట్టేస్తుంది కదూ?" ఇవన్నీ నాకు చెప్పినవే. నేను రావడం ఖాయం, లెక్కలో లేకపోవడమూ ఖాయం. ఇంటికి కుళాయి ఉన్నట్టే నేనూ ఉన్నాను. ఇంట్లో ఎంతమంది అని అడిగితే కుళాయిని కలిపి ఎవరు చెబుతారు?

ఆఫీసులోనూ ఇంతే. కొత్త షోరూం తెరిచినరోజు మేనేజర్ "అందరూ వచ్చేశారా?" అని అరిస్తే "వచ్చేశాం సార్!" అని అందరూ అరిచారు. నేను వాళ్ళకెదురుగా ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను, ఫోటో తీయడానికి. ఆ ఫోటో ఇప్పటికీ గోడమీద ఉంది. మా ఇంటి ఆల్బమూ అలాంటిదే. రేపెప్పుడో తవ్వకాల్లో బయటపడితే, ఈ ఇంట్లో కొందరు మనుషులూ, వాళ్ళ వెనకాలే గాల్లో తేలుతూ తిరిగే ఒక కెమెరా ఉండేవని పండితులు రాసుకుంటారు.

నేను టికెట్లు కొన్నాను. అయిదు. ఫ్యామిలీ గ్రూపులో పేర్లూ సీట్లూ పెట్టాను. అయిదు బొటనవేళ్ళు వచ్చాయి. వదిన తనకు కిటికీ కావాలంది, మార్చాను. మామగారు బాత్రూంకి ఎంత దూరమో అడిగారు, చెప్పాను. "మరి నీది?" అని ఎవరూ అడగలేదు.

నవ్వులాటకు చెప్పడం కాదు గానీ, నేను ఎదురుచూశాను. వాళ్ళ సీట్ల పక్కనే ఆరో బెర్తు ఇంకా ఖాళీగా ఉంది. బుకింగ్ పేజీలో పచ్చగా కనిపించేది. ఇంట్లో ఒక్కరు, ఎవరో ఒక్కరు, నా సీటు సంగతి ఎత్తితే చాలు, ఆ క్షణమే కొనేద్దామనుకున్నాను. రోజూ పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి ఆ పచ్చ చుక్క ఉందా లేదా అని చూసేదాన్ని. మా ఆయన పక్కనుంచి తువ్వాలు కోసం వెళ్తూ "రైళ్ళ పిచ్చి పట్టుకుంది దీనికి" అనేవాడు. నేను ఫోన్ కొంచెం ఆయనవైపు తిప్పి పట్టుకునేదాన్ని కూడా. ఆయన చూపు తువ్వాలు మీదే ఉండేది. ఒక పొద్దున ఆ చుక్క ఎర్రగా మారింది. ఆ బెర్తు ఎవరో తీసుకున్నారు. ఎక్కడో ఒక మనిషిని ఆ మనిషి తాలూకు వాళ్ళు లెక్కపెట్టుకున్నారన్నమాట.

పాలు పొంగిపోయాయి. పెళ్ళయ్యాక మొదటిసారి తుడవకుండా ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఏడుపు వస్తుందేమోనని లంచ్ టైములో మెట్ల కింద, పగిలిన టైల్స్ పెట్టెల పక్కన కూర్చున్నాను. కూర్చుని చాలాసేపు చూశాను, రాలేదు. దాని బదులు పాత లైను గుర్తొచ్చింది. అదే రోజు, అదే స్టేషన్ నుంచి, నిదానం రైలు. మధ్యలో నది ఉన్న ఊరు, గడియారాలు తయారుచేసే ఊరు, తర్వాత సరిహద్దు, ఆవల ఇంకో మూడు ఊళ్ళు. పెళ్ళికి ముందు ఉద్యోగానికని తీయించుకున్న పాస్‌పోర్టు ఒకటి ఉంది నాకు. ఒక్క ముద్ర కూడా పడలేదు, పేజీలన్నీ కొత్త నోటుపుస్తకంలా తెల్లగా ఉన్నాయి. ప్రయాణికుల సంఖ్య ఎంత అని అడిగింది బుకింగ్ పేజీ. ఒకటి అని కొట్టాను. "మీరు ఒక్కరేనా?" అని మళ్ళీ అడిగింది. మా ఇంట్లోవాళ్ళకంటే ఆ మెషినే నయం, రెండుసార్లు అడిగింది.

బయల్దేరే రోజు స్టేషన్లో సామాను లోపలికి అందించాను. అయిదుగురూ ఎక్కి ఎవరి సీట్లో వాళ్ళు సర్దుకున్నారు. మా ఆయన తలుపు దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు.

"ఫ్లాస్కిచ్చి ఎక్కు. కదిలే టైమైంది."

ఫ్లాస్కిచ్చాను. "నాకు టికెట్ లేదండీ."

"ఏంటి?"

"అయిదుగురం అన్నారుగా. అయిదే తీశాను."

ఆయన వెనక్కి తిరిగి పెట్టెలోకి చూసి పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. నాలుగు వచ్చినట్టుంది, తనని కలుపుకున్నాడు, అయిదు. మళ్ళీ నావైపు చూశాడు. ఆ మొహం నేను ఈ జన్మకి మర్చిపోను.

"నువ్వు ఉంటావని తెలిసిందే కదా! నిన్ను మళ్ళీ వేరే లెక్కపెట్టాలా?"

"నేనూ అదే అనుకున్నానండీ. అందుకే నన్ను వేరేగా నేనే లెక్కపెట్టుకున్నాను."

"ఆడుకుంటున్నావా? అమ్మకి మందులూ, నాన్నకి టీ, ఆ హోటలూ..."

"మందులు మీ భుజానున్న సంచిలో, ముందు జేబులో. హోటళ్ళ పేర్లూ రైళ్ళ టైములూ మీ ఫోన్లో పెట్టాను. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టు ఉంది."

"ఎవరమ్మా అక్కడ? ఏమైంది?" అని లోపలి నుంచి అన్నయ్యగారు, "అది ఎక్కలేదా? మరి నా హ్యాండ్‌బ్యాగో!" అని వదిన. కిటికీ దగ్గరికి అత్తయ్య వచ్చారు. ఇక తిట్లే అనుకుని సిద్ధపడ్డాను. ఆవిడ నా మొహం చూడలేదు. నా భుజం మీద, ఇంటి సామాన్లలో ఎన్నడూ లేని చిన్న నీలం బ్యాగు చూశారు.

"ఏయ్ అమ్మాయ్, నీ బండి ఏ ప్లాట్‌ఫారం?"

"మూడు, అత్తయ్యా."

"అదేనా? ఆ గాల్లోకి లేపేది?"

"అదే."

ఆవిడ ఇటూ అటూ చూసి, కిటికీకి ఇంకా దగ్గరగా జరిగి, "మోకాళ్ళు బాగోలేవు గానీ, లేకపోతే..." అన్నారు. మిగతాది కూతలో కలిసిపోయింది. రైలు కదిలింది. మా ఆయన ఫ్లాస్కు పట్టుకుని తలుపులో నిలబడే ఉన్నాడు, కప్పులో పోసి ఇచ్చే మనిషి లేక. నేను వెనక్కి తిరిగి మూడో నంబరు వైపు మామూలుగానే నడవాలనుకున్నాను. నా వల్ల కాలేదు, పరిగెత్తాను.

సరిహద్దు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మా పెట్టెని షెడ్డులోకి తోశారు. నీలం బట్టల్లో మనుషులు అటూ ఇటూ జాకీలు పెట్టి ఏదో అరుచుకున్నారు. బాత్రూములకు నిజంగానే తాళాలేశారు. తర్వాత పక్కనున్న గోడ కిందికి దిగడం మొదలుపెట్టింది. చాలా నిదానంగా, మర్యాదగా. గోడ కాదు, మేమే లేస్తున్నామని అర్థమయ్యేసరికి నా ఎదురు సీట్లో ముసలాయన గురక పెడుతున్నాడు, పై బెర్తులో ఎవరో ఫోన్లో అత్తగారితో పోట్లాడుతున్నారు. ప్రపంచమంతా ఇలా గాల్లోకి లేస్తున్నా ఎవరికీ పట్టలేదు. నేనొక్కదాన్నే కిటికీకి ముక్కు ఆనించి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. కింద చక్రాలు మా పెట్టెను వదిలేసి వాటి దారిన అవి దొర్లిపోయాయి. ఏ పట్టాలకూ తగలకుండా అలా ఉన్నాను. టీ గ్లాసులో టీ కూడా కదల్లేదు. నా టీ. నేను కొనుక్కుని, వేడిగా ఉండగానే తాగుతున్న టీ.

ఫోన్ మోగింది. ముందు వదిన మెసేజ్: "ఇక్కడ ఫ్లాస్కు నింపడం ఎవరి పనో తేలక మీ ఆయనా మా ఆయనా పొద్దుట్నుంచి చర్చల్లో ఉన్నారు. నేను బయటికెళ్ళి తాగొచ్చేశా." ఆ తర్వాత అత్తయ్యది. ఆవిడ రాయరు, మాట పంపుతారు. గుసగుసగా ఉంది, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు. "లేపారా? కళ్ళు తిరిగాయా? నాకు చెప్పు, మీ మామగారికి చెప్పకు."

చివరగా మా ఆయనది. చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, ఆగాయి, మళ్ళీ వచ్చాయి. ఆ కాసేపట్లో ఇంకో దేశపు చక్రాలు వచ్చి మా కింద నిలబడ్డాయి.

"తప్పు నాదే," అని వచ్చింది. "వచ్చే ఏడాది ఆ పాత లైనులోనే వెళ్దాం. ఆరుగురం. ఖాయం చేసేస్తున్నా."

పెట్టె దిగింది. కొత్త పట్టాల మీద ఒక చిన్న కుదుపు, అంతే. గురక పెడుతున్న ముసలాయన కళ్ళు తెరిచి "వచ్చేశామా?" అని అడిగాడు. వచ్చేశామని చెప్పి, మా ఆయనకు జవాబు రాశాను.

"ఆరో మనిషిని ముందు అడగండి. వస్తానంటే అప్పుడు లెక్కపెట్టండి."