ఎడమకాలి మీద బరువు

ఒంటి బరువంతా ఎడమకాలి మీద వేసి, తుంటిని కుర్చీచేతికి చేరవేసి, కత్తెరాయన జుట్టు కత్తిరిస్తున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నది ఆయన చిన్నప్పటి స్నేహితుడు, గడియారాల షాపాయన. పూర్వం కత్తెరాయన కుర్చీ చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. ఇప్పుడు ఆయన నిలబడతాడు, కుర్చీనే తిప్పుకుంటాడు.

ఆపరేషన్ చేసి ఆయన కుడి మోకాలికి మొదటిసారి బిగించిన కీలు వదులైపోతే, దాన్ని తీసి ఇంకొకటి పెట్టారు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి, "ఎంత చక్కగా కూర్చుందో చూడండి" అన్నాడు. చక్కగానే కూర్చుంది. నొప్పి మాత్రం ఆయనతో పాటే ఆస్పత్రి మెట్లు దిగి ఇంటికొచ్చింది. పొద్దున్నే మోకాల్లో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు మొదలై, మధ్యాహ్నానికి పోటుగా మారుతుంది. మాత్ర వేసుకుంటే మగత కమ్ముతుంది. కత్తి పట్టే చేయి కదా అని సాయంత్రం దాకా వేసుకోడు. మధ్యమధ్య తెర వెనక్కి వెళ్ళి, తువ్వాలులో చుట్టిన ఐసుగడ్డ మోకాలికి అదుముకుని, ముఖం తుడుచుకుని వస్తాడు.

"ఎలా ఉంది?" అని అడగడం భార్య ఎప్పుడో మానేసింది. విసుగుతో కాదు, ఆ ఒక్క జవాబే మళ్ళీ వినాలన్న భయంతో. ఆయనా చెప్పడం మానేశాడు. కాలు పోతే పోయింది, చేయి పోలేదు అన్న ధీమా ఒక్కటి పట్టుకుని రోజూ షాపు తెరుస్తున్నాడు.

పోటు వచ్చింది. పళ్ళబిగువున ఓర్చుకుని, "ఒరేయ్, ఈ వీధిలో సగంమంది జుట్టు నా చేతిలో ఉంది, జాగ్రత్త" అన్నాడు. పోటు వచ్చినప్పుడల్లా ఏదో ఒక వేళాకోళం ఆడటం ఆయనకు అలవాటైంది. రెండో కుర్చీ దగ్గరున్న బావమరిది నవ్వాలి కనుక నవ్వాడు.

గడియారాల షాపాయన వెళ్ళిపోయాక చూస్తే, అద్దం ముందు ఆయన కళ్ళజోడు ఉండిపోయింది.

"నేనిచ్చొస్తా బావా!" బావమరిది గబుక్కున చెయ్యి చాపాడు.

"ఎందుకూ, నాకు కాళ్ళు లేవా?"

"ఎండగా ఉంది, నువ్వెందుకు..."

అప్పటికే కత్తెరాయన గుమ్మం దిగాడు. గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ నడిచి వీధి మలుపు తిరిగాడు. అక్కడ కొత్తగా పెట్టిన క్షౌరశాల ఉంది. దాని అద్దాల తలుపు అవతల, కుర్చీలో, మెడకు గుడ్డ కట్టించుకుని గడియారాల షాపాయన కూర్చున్నాడు. ఒక కుర్రవాడు ఆయన ఎడమచెంప మీది జుట్టును కుడిచెంపకు సమంగా దిద్దుతున్నాడు. కుడివైపుది గోరంత పైకి ఉంది.

కత్తెరాయన తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

"కళ్ళజోడు మర్చిపోయావు."

స్నేహితుడు గబుక్కున లేవబోయాడు. "ఏదో కాస్త..."

"ఎప్పట్నించి?"

"రెండో ఆపరేషన్ అయిన దగ్గర్నించి. ఆ కాలు నొప్పికి నువ్వు ఒక పక్కకి ఒరుగుతావురా. చెయ్యీ ఒరుగుతుంది."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పమంటావు? నీకు ఉన్నదల్లా అదొక్కటేగా!"

"నువ్వొక్కడివేనా, మిగతావాళ్ళు కూడానా?"

గడియారాల షాపాయన మెడకున్న గుడ్డ సర్దుకున్నాడు. కుర్రవాడు తలవంచుకుని దువ్వెన తుడవసాగాడు. కత్తెరాయనకు అర్థమైంది. తనమీద జాలితో ఊరు ఊరంతా వంకర తలతో మలుపు తిరుగుతోందన్నమాట. తిట్టినా బాగుండేది అనుకున్నాడు. కళ్ళజోడు బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు గోడ పట్టుకున్నాడో లేదో ఆయనకే తెలియదు.

గుమ్మంలో ఎదురుచూస్తున్న బావమరిది ఆయన ముఖం చూసి కళ్ళు దించుకున్నాడు.

"నీకూ తెలుసన్నమాట."

"నేను చెప్తే నువ్వు తట్టుకోలేవని అక్క..." అని మిగతా మాట మింగేశాడు.

కత్తెరాయన లోపలికి వచ్చాడు. తన కుర్చీలో తనే, రెండు చేతులూ ఆనించి మెల్లగా కూర్చున్నాడు. వంగని కాలు ముందుకు చాచుకున్నాడు. "గుడ్డ కప్పు. నాకు కత్తిరించు" అన్నాడు.

బావమరిది మొదలుపెట్టి, కుర్చీ చుట్టూ తిరుగుతూ పూర్తిచేశాడు. ఆ తిరగడాన్ని కత్తెరాయన అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు నిండి అద్దం మసకబారింది.

"సరిగ్గా వచ్చిందా బావా?"

"వచ్చింది. రేపట్నించి ఈ కుర్చీ కూడా నువ్వే చూసుకో. నేను రాను."

లేచి, మాత్ర ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి ఇంటికి బయల్దేరాడు. జుట్టు పడ్డ వెంటనే ఊడ్చెయ్యాలన్నది ఆ షాపులో ఆయన పెట్టిన నియమమే. బావమరిది చీపురు పట్టుకున్నాడు గానీ వంగలేకపోయాడు. కుర్చీ కింద, చుట్టూతా, తెల్లటి జుట్టు అలాగే పడి ఉంది.