పదకొండు కిలోల సాక్ష్యం

సైలస్ కరెంటాఫీసులో ముప్పయ్యేళ్లు మీటర్లు చూసిన మనిషి. అంకె చూస్తే చాలు, లోపలి సంగతంతా తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే భార్య జీవమణి కొంప ముంచింది.

జీవమణికి అరవై తొమ్మిదేళ్లు, తొంభై ఎనిమిది కిలోలు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆపరేషన్ కావాలంటే పది కిలోలు తగ్గాలని, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం రోజూ చేయాలని సోమాజిగూడ డాక్టరు చెప్పాడు. పది కిలోలన్న మాట సైలస్ చెవిన పడింది. రెండో మాట పడలేదు.

అప్పుడే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైంది. ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే దేవుడి పనీ డాక్టరు పనీ ఒకేసారి అయిపోతాయనుకున్నాడు మహానుభావుడు. పొద్దున జావ, రాత్రి రెండు పుల్కాలు. గుడ్డు, మాంసం, పప్పు అన్నీ బంద్. లేస్తే కాళ్లు నొప్పెడతాయని నీళ్లు, మందులు, బైబిలు కుర్చీ దగ్గరికే తెచ్చిచ్చేవాడు. లేవక తప్పనప్పుడు రెండు చేతులూ పట్టుకుని తనే లేపేవాడు. ప్రేమ లేక కాదు, ఉండే చేశాడు.

ఇరవయ్యో రోజుకి ఆరు కిలోలు తగ్గింది. ఆ ఆదివారం అమీర్‌పేటలోని తమ చర్చిలో సైలస్ మైకు పట్టుకుని, దేవుడు చేసిన మేలు ఇదీ అని అందరికీ సాక్ష్యం చెప్పాడు. నలభై రోజులు నిండేసరికి దేవుడు పది దాటిస్తాడన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. జీవమణి తలవంచుకుని నవ్వింది.

దాటనే దాటింది. పదకొండు. ఈస్టర్ వెళ్లిన మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమెను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ధాత్రి, చేతులు కట్టుకుని ఏ ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవమంది. మొదటిసారి వచ్చినప్పుడు జీవమణి ఇలాగే నాలుగుసార్లు లేచింది. ఇప్పుడు ఒక్కసారి కూడా లేవలేకపోయింది. తొడలు వణికాయి గానీ ఒళ్లు కుర్చీని వదల్లేదు. సైలస్ చెయ్యి చాచబోతే ధాత్రి వద్దంది.

డాక్టరు కోప్పడలేదు. సైలస్‌కు అదే మరీ బాధగా తోచింది. తిండి తగ్గించి కదలకుండా కూర్చోబెడితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుందని, ఈ కాళ్లతో ఆపరేషన్ చేయలేనని చెప్పాడు. తనంతట తాను ఐదుసార్లు లేచిన రోజు రమ్మన్నాడు. ఆ రోజు వస్తుందా అని అడిగితే, వయసు కదా, ప్రయత్నిద్దామన్నాడు.

ఇంటికొచ్చాక సైలస్ అడగలేక అడిగాడు, ఆకలైతే ఒక్క మాట చెప్పొచ్చు కదా అని. కూతురి పేరుతోనే భర్తను పిలవడం జీవమణికి అలవాటు.

"మస్తు ఆకలైంది, సెరీనా డాడీ. కాళ్లల్ల సత్తువ పోతున్నదని సుత తెలిసింది. చెప్దామనుకునేసరికి మీరు అందరి ముందట సాక్ష్యం చెప్పిన్రు. మిమ్మల్ని అబద్ధికుణ్ణి ఎట్ల జేస్త?"

కోపంగా అని ఉంటే తట్టుకునేవాడే. మామూలుగా అంది.

సాయంత్రం ఆమె వ్యాయామం మొదలుపెట్టింది. ఎదురుగా ఉంటే ఆయన చెయ్యికోసమే చూస్తానని సైలస్‌ను గది బయటికి పొమ్మంది. ఆయన తలుపవతల నిలబడ్డాడు. లోపల కుర్చీ కిర్రుమంది, ఆయాసం వినిపించింది, మళ్లీ కుర్చీ కిర్రుమంది. లోపలికి వెళ్తే ఆమె ఎప్పటికీ లేవదు. వెళ్లకపోతే పడిపోతుందేమో. ప్రార్థన చేద్దామంటే ఏమడగాలన్నా భయమేసింది. గోడకు ఆనుకుని చప్పుడు కాకుండా ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె పిలిచింది.

"జర లేపున్రి. బాత్రూంకు పోవాలె."

ఆయన వెళ్లి రెండు చేతులూ పట్టుకుని లాగాడు. ఆమె కాళ్ల నుంచి ఆసరా ఏమీ రాలేదు. పదకొండు కిలోలు తగ్గిన మనిషి మునుపటికన్నా బరువుగా ఉంది. మళ్లీ లాగాడు. లేపలేకపోయాడు.