నీసు కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. అయితే వంటింట్లో ఉండేదాన్ని కాదు, పెరట్లో ఉండేదాన్ని. వంటింటి అలమరలో నాకొక అక్క ఉంది. వంకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు తనవి. కోడి, వేటమాంసం, ఎప్పుడైనా చేపలు నావి. మా కావలి వైపు మాంసం, చేపల వాసనను నీసు అంటారు కాబట్టి నా పేరు నీసు కత్తిపీట అయింది. ఆ పేరు విని ముక్కు చిట్లించిన చుట్టాలున్నారు. ముక్కు చిట్లించినవాళ్ళే రెండోసారి కూర వేయించుకోవడం కూడా చూశాను.

నేను పుట్టింది ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట. మా ఇంటి ఇల్లాలు వెంగమ్మకు అప్పుడు కొత్తగా పెళ్ళయింది. ఒక ఆదివారం ఆమె ఇంట్లో ఉన్న ఒకే కత్తిపీట మీద కోడిని కోసి, దాన్ని గుడ్డతో తుడిచి, దాని మీదే ఉల్లిపాయలు తరిగి నిమ్మకాయ పిండింది. మర్నాటికి ఆమె భర్త మాలకొండయ్య వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరాడు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంటిల్లిపాదీ బస్టాండు దగ్గరి బజ్జీలను తిట్టారు. ఒక్క నర్సు మాత్రం వెంగమ్మను పక్కకు పిలిచి, "పచ్చి కోడిని కోసిన దాంతోనే ఉల్లిపాయలు గూడా కోసినావా అమ్మా? కోడికూర ఉడుకుద్ది. ఉల్లిపాయలు ఉడకవు గదా" అంది.

వెంగమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. భర్త ఇంటికి వచ్చిన వారానికి కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్ళి, "నీసుకని వేరే కత్తిపీట కావాల" అని నన్ను చేయించింది. పాత లారీ కమాను ఉక్కు పట్టీ ముక్క నా కత్తి అయింది. తుమ్మచెక్క నా పీట అయింది.

ఆమె పనితీరు చెప్పాలి. మాంసం ముట్టుకోకముందే ఉప్పు, కారం, పసుపు డబ్బాల్లోంచి తీసి ఒక పళ్ళెంలో పెట్టుకునేది. నీసు చేయి మళ్ళీ డబ్బాలో పడకూడదు. ముక్కల్ని గిన్నెలో మెల్లగా కడిగేదే కాని, కొళాయి తిప్పి నాలుగు వైపులా చిందించేది కాదు. పని కాగానే సబ్బుతో చేతులు, సబ్బుతో నేను, ఆ పైన మరుగు నీళ్ళు. తర్వాత నన్ను గోడకు ఆనించి ఎండలో పెట్టేది. మాలకొండయ్య అరుగు మీద పేపరు చదువుతూ, "కత్తిపీటకు తలంటు గూడానా! ఏం చాదస్తమే నీది" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. తన జబ్బు వల్లే ఆ చాదస్తం పుట్టిందని ఆయనకు ఇప్పటికీ తెలియదు. కడుపు పాడైతే మనుషులు బజ్జీలనైనా అనుమానిస్తారు కాని ఇంటి వంటను అనుమానించరు.

పోయిన ఏడాది శ్రావణంలో వెంగమ్మ కన్నుమూసింది. ఆ సంగతి ఇంతకంటే చెప్పలేను. బట్టలుతికే బండ పక్కన పది నెలలు ఉన్నాను. కొంచెం తుప్పు పట్టాను. మాలకొండయ్యకు మెస్సు నుంచి క్యారియరు వచ్చేది. సగం తిని సగం మూసేవాడు.

ఇంతలో ఆయన చెల్లెలు చెంచమ్మకు టైఫాయిడ్ వచ్చింది. నలభై రోజులు గంజి, బ్రెడ్డు. లేచి తిరిగేసరికి చీర మనిషి మీద నిలవడం లేదని ఆమే ఎగతాళి చేసుకునేది. కారం తగ్గించి కోడికూర తినవచ్చని డాక్టరు చెప్పిన రోజే మాలకొండయ్య ఆమెకు ఫోను చేశాడు.

"ఆదివారం రా. నేనే వండి పెడతా."

"నువ్వా? నీకు పొయ్యి ఏ పక్కనుండాదో తెలుసా అన్నా?"

"ముప్పయ్యేళ్ళు బస్సు ఇంజన్లు ఇప్పినోణ్ణి, కోడి ఒక లెక్కా!"

"ఇప్పతావులే. మళ్ళా బిగించగలవా అని!"

ఆ ఆదివారం పొద్దున్నే ఆయన నన్ను ఇటుకపొడితో తోమాడు. పది నెలల తర్వాత నా మీద ఒక కాలు పడింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. కోడిని చిన్న ముక్కలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, పొయ్యి మీద పెట్టి వచ్చాడు. కూర ఉడుకుతుంటే హుషారు పెరిగింది. పెరుగులో కలుపుదామని రెండు కీర దోసకాయలు తెచ్చాడు. అక్క లోపల అలమరలో ఉంది. నేను కాలి దగ్గరే ఉన్నాను. నా మీద ఒక చెంబుడు నీళ్ళు కుమ్మరించి, దోసకాయలు నా మీదే తరిగేశాడు.

నాకు నోరు లేదు. ఉంటే ఆ పూట పెరడు దద్దరిల్లేది.

చెంచమ్మ రావడమే పెరట్లోకి వచ్చింది. "ఇల్లంతా కూర వాసనే! పరవాలేదే మా అన్న" అంటూ బండ మీద కూర్చుంది. నలభై రోజుల ఆకలి కదా, చేయి తిన్నగా దోసకాయ ముక్కల మీదకు పోయింది. సరిగ్గా అప్పుడే మాలకొండయ్య నన్ను పక్కన పెట్టబోయి ఆగిపోయాడు. కత్తి పీటలో దిగిన సందులో తెల్లటి కొవ్వు ముక్క, దాని చుట్టూ ఎర్రటి నీరు. అక్కడే ఒక దోసగింజ అతుక్కుని ఉంది.

ఆయన చూపు చెల్లెలి చేతి మీదకు వెళ్ళింది. ఊరుకుంటే సరిపోయేది. పరువు దక్కేది. చెప్తే వారం రోజుల గొప్పలు గాలికి పోతాయి.

"తినబాకు!" అని గిన్నె లాగేసుకున్నాడు.

"ఏందన్నా, ముక్క గూడా పెట్టవా?"

"కోడిని కోసిందాని మీదే కోశా. నీళ్ళు పోస్తే పోద్ది అనుకున్నా. సందులో అట్టనే ఉండాది చూడు."

చెంచమ్మ వంగి చూసింది. ఆయనే మళ్ళీ అన్నాడు. "డిపోలో గ్రీజు చేత్తో బ్రేకు లైనింగు ముట్టుకుంటే ఒక్కోణ్ణి ఎట్టా తిట్టేవోణ్ణి! బ్రేకు జారిద్ది, బస్సునిండా జనం ఉంటారురా అనేవోణ్ణి. ఇంట్లో మాత్రం మీ ఒదిన్ను చూసి నవ్వినా."

"ఒదినుంటే నీ ఈపు గూడా సబ్బుతో రుద్దేది" అంది చెంచమ్మ. ఇద్దరూ నవ్వారు. ముందు ఆగిన నవ్వు ఆయనదే.

దోసకాయలు చెత్తబుట్టలోకి పోయాయి. ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. నాకు సబ్బు, మరుగు నీళ్ళు, ఎండ, అన్నీ అందాయి. కూరలో పెద్ద ముక్క తీసి ఎముక దగ్గర చీల్చి, ఎరుపు లేదని చూసుకున్నాకే పొయ్యి ఆపాడు. చెంచమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. "ఉప్పు తక్కువే" అంటూనే ముక్క వదలకుండా తింది.

అయినా ఆయనకు భయం పోలేదు. గిన్నె లాగేలోపే ఒక ముక్క నోట్లో వేసుకుందేమోనన్న అనుమానం. సోమవారం నాలుగుసార్లు ఫోను చేసి, ఎండలు ఎలా ఉన్నాయని అడిగాడు. ఇద్దరూ ఉండేది ఒకే ఊళ్ళో.

బుధవారం పొద్దున ఆమే చేసింది. ఫోను గొంతు పెరట్లోకి వినబడింది.

"నా కడుపుకేం కాలేదు, రాయిలాగుండాది. ఇంక ఎండల గురించి అడగబాకు. వచ్చే ఆదివారం చేపలు తిందామా?"

"చేపలు తోమడం నాకు రాదు గదే."

"నేర్చుకుందువులే. ఏం తొందర?"

ఆయన వెంటనే మెస్సుకు ఫోను చేసి, ఆదివారాలు క్యారియరు వద్దని చెప్పాడు. పెరట్లోకి వచ్చి నన్ను తీసుకుని, సానరాయి మీద నీళ్ళు చల్లి నూరడం మొదలుపెట్టాడు. అలవాటు లేని చేయి, కొంచెం గట్టిగానే నూరుతున్నాడు. నేనేమీ అనుకోవడం లేదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.